దక్కనీ ఉన్ని పనివారికి శిక్షణ, అర్హతపత్రం: ఎలా రూపొందించాలి

గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలు, గొంగళ్లు నేసే కుటుంబాల సంఘాలు, వారితో కలిసి పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, జిల్లాల్లో నైపుణ్య శిక్షణను పర్యవేక్షించే అధికారులు ఈ వ్యాసానికి పాఠకులు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ దక్కనీ గొర్రె ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, నేసి బతికే వారికి ఒక శిక్షణ కార్యక్రమాన్ని, దాని చివర చెల్లుబాటయ్యే అర్హతపత్రాన్ని ఏ క్రమంలో తయారు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. మీరు ఒక మండలంలో ముప్పై మందితో మొదలుపెట్టినా, రాష్ట్రమంతటికీ వర్తించే అర్హతను ప్రతిపాదించాలనుకున్నా, అడుగుల వరుస మాత్రం ఇదే.

మొదటి అడుగు: ఈ పత్రం ఎవరి నిర్ణయాన్ని మారుస్తుందో తేల్చుకోండి

పాఠ్యక్రమం రాయడానికి కూర్చునే ముందు ఒక ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. శిక్షణ పూర్తయిన మనిషి చేతిలోని పత్రాన్ని చూసి ఎవరు, ఏ పనిని, ఇంతకుముందు చేసినదానికంటే వేరుగా చేస్తారు? ఉన్ని కొనేవాడు కిలోకు ఎక్కువ ధర ఇస్తాడా, మందల యజమాని కత్తిరింపుకు ఇతన్నే పిలుస్తాడా, బ్యాంకు పరికరాలకు అప్పు ఇస్తుందా, లేక ప్రభుత్వ సంస్థ ఇతన్ని శిక్షకుడిగా నియమిస్తుందా? ఈ నాలుగింటిలో ఒక్కదానికైనా స్పష్టమైన జవాబు దొరకకపోతే, శిక్షణ ఎంత బాగా జరిగినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది.

ఈ ప్రశ్న దక్కనీ ఉన్ని విషయంలో మరీ ముఖ్యం. ఈ ఉన్ని ముతకది, ఎక్కువగా నల్లది, మెరినో అనే మెత్తని రకం ఉన్నితో పోటీపడి ఒంటికి తొడుక్కునే బట్టల మార్కెట్‌లోకి వెళ్లేది కాదు. మాంసానికి గిరాకీ పెరిగిన కొద్దీ పెంపకందారులు ఎత్తుగా, వేగంగా పెరిగే నెల్లూరు రకం పొట్టేళ్లతో సంకరం చేయించారు. నెల్లూరు గొర్రెకు ఉండేది వెంట్రుకలే తప్ప ఉన్ని కాదు కాబట్టి, తరం మారేసరికి మందలో కత్తిరించడానికి పనికొచ్చే గొర్రెల సంఖ్య తగ్గిపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ప్రారంభించినప్పుడు కూడా ఆ పథకం చూపు మాంసం మీదే ఉంది. ఈనాడు చాలా ఊళ్లలో కత్తిరింపు కూలికి సరిపడే ధర కూడా ఉన్నికి రావడం లేదు. కొన్నిచోట్ల కత్తిరించిన బొచ్చును దిబ్బ మీద పారేస్తున్నారు.

అందువల్ల మీ మొదటి పని కొనేవారి జాబితా తయారు చేయడం. దక్కనీ ఉన్నికి ప్రధానంగా నాలుగు దారులు ఉన్నాయి. మొదటిది స్థానిక గొంగళి, కర్ణాటకలోని చళ్లకెరె వంటి కంబళ్ల సంతలు. రెండోది తివాచీల నూలు. మూడోది నగరాల్లో చేతి వస్తువులను కొనే దుకాణాలు, సంచులు, చాపలు, దిండ్ల వంటి ఉత్పత్తులు. నాలుగోది నెమ్దా (ఉన్నిని నేయకుండా అదిమి చేసే దళసరి గుడ్డ), గోడల్లో వేడిని, శబ్దాన్ని ఆపే పొరల వంటి పారిశ్రామిక వాడకం. ఒక్కో దారిలో కొనేవారు అడిగేది ఒక్కోలా ఉంటుంది. తివాచీ నూలు కొనేవారికి శుభ్రత, పోగు పొడవు ముఖ్యం. నగరంలోని దుకాణానికి రంగు సమానంగా ఉండటం, వాసన లేకపోవడం ముఖ్యం. గొంగళి కొనే కాపరికి వాన ఆగడం, బరువు, మన్నిక ముఖ్యం. కనీసం ఇద్దరు కొనుగోలుదారుల దగ్గరకు స్వయంగా వెళ్లి, వారు సరుకును ఎందుకు తిరగ్గొడతారో అడిగి రాసుకోండి. ఆ తిరస్కరణ కారణాల జాబితాయే తరువాత మీ పాఠ్యక్రమానికి వెన్నెముక అవుతుంది.

రెండో అడుగు: పనిని పనివారి చేతే విడగొట్టించండి

ఉన్ని పని అని ఒకే ముద్దగా చెప్పుకుంటాం గానీ, అందులో కనీసం ఆరు వేర్వేరు వృత్తులు ఉన్నాయి: కత్తిరించడం, రంగునూ నాణ్యతనూ బట్టి వేరుచేయడం, ఏకడం, వడకడం, పడుగు సిద్ధం చేసి గంజి పెట్టడం, నేయడం. ఆ తరువాత కుట్టు, తుది మెరుగులు ఉంటాయి. ఒక్కొక్కదానికి వేర్వేరు చేతులు, వేర్వేరు పరికరాలు, వేర్వేరు కూలి.

ఈ విభజనను కార్యాలయంలో కూర్చుని నిపుణుడు రాస్తే తప్పులు వస్తాయి. పనిలో పేరున్న ఎనిమిది నుంచి పదిమందిని, వేర్వేరు ఊళ్ల నుంచి, రెండు రోజులు ఒకచోట కూర్చోబెట్టండి. వారికి కూలి నష్టం చెల్లించండి. తెల్లవారి లేచిన దగ్గర్నుంచి వస్తువు చేతికొచ్చే వరకు ఏమేం చేస్తారో ఒక్కో పనిని ఒక్కో చీటీ మీద రాసి గోడకు అంటించండి. చదువు రానివారు చెబుతుంటే మీ తరఫు మనిషి రాయాలి. తరువాత ఆ చీటీలను వరుసలో పెట్టించి, ఏది తప్పితే సరుకు పాడవుతుందో, ఏది నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పడుతుందో వారి చేతనే గుర్తు పెట్టించండి. మొదటి రోజు అందరూ “ఇందులో చెప్పడానికేముంది, చేసుకుంటూ పోవడమే” అంటారు. రెండో రోజు, ఒకరి పద్ధతిని మరొకరు కాదనడం మొదలైన తరువాతే అసలు విషయం బయటికి వస్తుంది. ఆ వాదనలను ఆపకుండా రాసుకోండి.

ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. కురుమ కుటుంబాల్లో సాధారణంగా ఆడవారు ఏకి వడుకుతారు, మగవారు మగ్గం మీద కూర్చుంటారు. సర్వేకు వచ్చినవారు నేతకారుడి పేరు వృత్తి గడిలో రాసి, భార్యను సహాయకురాలిగా చూపడం పరిపాటి. కానీ ఒక మగ్గానికి చాలినంత నూలు కావాలంటే ఒకరి కంటే ఎక్కువ మంది రోజుల తరబడి వడకాలి. గొంగళి మన్నికలో సగం నూలులోనే నిర్ణయమవుతుంది. వడకడాన్ని నేతలో ఒక ఉపభాగంగా కాకుండా, సొంత పేరు, సొంత ప్రమాణం, సొంత పత్రం ఉన్న వృత్తిగా రాయండి. ఈ ఒక్క నిర్ణయం తీసుకోకపోతే, మీ కార్యక్రమం లబ్ధిదారుల జాబితాలో ఆడవారు కనిపించరు.

మూడో అడుగు: కంటితో, తూకంతో తేల్చగల ప్రమాణాలు రాయండి

ప్రమాణం అంటే “బాగా కత్తిరించగలగాలి” అనే వాక్యం కాదు. ఇద్దరు వేర్వేరు పరీక్షకులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చూసినా, ఒకే తీర్పు ఇవ్వగలిగేలా ఉండాలి. అన్ని వృత్తులకూ ఒకేసారి రాయడానికి ప్రయత్నించకండి. విలువ ఎక్కడ మొదట పోతున్నదో అక్కడ నుంచి, అంటే కత్తిరింపు, వేరుచేయడం దగ్గర నుంచి మొదలుపెట్టండి; అక్కడ పాడైన ఉన్నిని ఆ తరువాత ఏ నేతకారుడూ బాగుచేయలేడు.

కత్తిరింపు తీసుకుందాం. దక్కనీ గొర్రెను సాధారణంగా ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కత్తెర చర్మానికి దగ్గరగా ఒకేసారి పోవాలి. మొదటిసారి పైపైన కోసి, మిగిలిన గీతలను సరిచేయడానికి మళ్లీ అదే చోట కోస్తే పొట్టి తునకలు వస్తాయి. అవి ఏకేటప్పుడు రాలిపోతాయి, లేదా నూలులో ఉండలు కట్టి పోగు తెగడానికి కారణమవుతాయి. చూసేవారికి గొర్రె మాత్రం నున్నగా, అందంగా కనిపిస్తుంది. కాబట్టి పరీక్షకుడు గొర్రెను కాక, కింద పరిచిన పట్టా మీది బొచ్చును చూడాలి: గుప్పెడు తీసి విదిలిస్తే ఎంత తునక రాలుతున్నదో గమనించాలి. దీనితోపాటు చర్మం మీద గాట్లు ఎన్ని, గాటు పడితే మందు రాశాడా, గొర్రెను కింద పడేసి కట్టాడా లేక కాళ్ల మధ్య నెమ్మదిగా పట్టుకున్నాడా, నిండు చూలుతో ఉన్న గొర్రెను పక్కన పెట్టాడా, తడి ఉన్ని ఉన్న గొర్రెను ఎండే వరకు ఆపాడా అనేవి ఒక్కొక్క గడిగా రాయాలి. తడిగా కత్తిరించి గోనెలో కుక్కిన ఉన్ని బూజుపట్టి, రంగు మారి, కుళ్లిన వాసన వేస్తుంది.

వేరుచేయడంలో చూడవలసినవి ఇంకా సూక్ష్మమైనవి. నలుపు, గోధుమ, తెలుపు రంగులను కత్తిరించిన తరువాత ఏరడం కంటే, రంగు ప్రకారం గొర్రెలను ముందే విడదీసి ఒక్కో రంగును ఒక్కో పూట కత్తిరించడం మేలు. గొర్రెపిల్ల మొదటి కత్తిరింపు ఉన్ని మెత్తగా ఉంటుంది. దాన్ని విడిగా ఉంచితే విడి ధర అడగవచ్చు. పొట్ట కింద, కాళ్ల దగ్గర ఉండే మట్టి, పేడ, పల్లేరు కాయలు పట్టిన ఉన్నిని మిగతాదానిలో కలపకూడదు. నల్ల ఉన్ని కొసలు ఎండకు కాలి ఎర్రబారుతాయి. వాటిని కలిపి వడికితే నేతలో చారలు పడతాయి. మందను గుర్తుపట్టడానికి కాపరులు గొర్రె వీపు మీద పూసే రంగు ఎంత ఉతికినా పోదు, అందువల్ల ఆ గుప్పెడు తీసి పక్కన పెట్టడం కూడా ఒక నైపుణ్యమే. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని నవ్వేవారు నవ్వుతారు గానీ, కొనుగోలుదారు గోనె విప్పి మొదట చూసేది సరిగ్గా ఇదే.

వడకడానికి కొలత లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. వంద మీటర్ల నూలును కొలిచి తూకం వేయండి. వచ్చిన గ్రాముల సంఖ్యను పదితో హెచ్చిస్తే అది నూలు లావును చెప్పే టెక్స్ అనే కొలత అవుతుంది. ఒకే మనిషి వడికిన ఐదు కండెల నుంచి వంద మీటర్ల చొప్పున ఐదు చిలపలు (నూలు చుట్టలు) తీసి తూచండి. ఒకరి నూలు 38, 40, 41, 39, 42 గ్రాములు తూగిందని, మరొకరిది 28, 52, 35, 47, 38 గ్రాములు తూగిందని అనుకుందాం. ఇద్దరి సగటూ 40 గ్రాములే. కానీ మొదటి నూలుతో నేసిన గొంగళి సమంగా వస్తుంది, రెండోది ఒకచోట పలచగా మరోచోట దళసరిగా వస్తుంది. కాబట్టి సగటుకు కాక, హెచ్చుతగ్గుల పరిధికి మార్కులు పెట్టండి. పరిధి ఎంత ఉండవచ్చో మీ ప్రాంతంలోని మంచి వడుకుకత్తెల నూలును ముందు తూచి నిర్ణయించుకోవాలి. పుస్తకంలోని అంకెను తెచ్చి పెట్టకూడదు. పడుగు నూలుకు పురి ఎక్కువ కావాలి, ఎందుకంటే అది మగ్గం మీద బిగువును, పన్నె (పోగులను విడదీసే దువ్వెన వంటి భాగం) రాపిడిని తట్టుకోవాలి. పేక నూలు కాస్త వదులుగా ఉంటేనే గొంగళికి వెచ్చదనం వస్తుంది. ఈ రెండు రకాలనూ అడిగిన వెంటనే వడికి చూపగలిగితేనే ఆమె పై స్థాయికి అర్హురాలు.

పడుగుకు గంజి పెట్టడం గురించి కొంచెం ఆగి చెప్పాలి. చింతగింజల పొట్టు తీసి, నూరి, ఉడికించిన అంబలిని ఆరుబయట సాగదీసిన పడుగుకు కుంచెతో పట్టిస్తారు. అంబలి పలచనైతే పోగులు నూగుతేలి మగ్గంలో తెగుతాయి. చిక్కనైతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి, విరుగుతాయి. ఎండ తీవ్రతను బట్టి ఎంతసేపు కుంచె ఆడించాలో చేతికి తెలియాలి. దీన్ని రాతలో పట్టడం కష్టం, అందుకే ప్రమాణంలో ఫలితాన్ని రాయండి: ఆరిన పడుగులో నుంచి ఎక్కడ పట్టుకున్నా పోగులు విడివిడిగా రావాలి, వేలితో నిమిరితే పొడి రాలకూడదు, మూర నేతలో ఇన్ని పోగులకు మించి తెగకూడదు. నేతకు అంగుళానికి పేక పోగుల సంఖ్య, అంచు తిన్నదనం, వెడల్పులో తేడా, బరువు చాలు.

నాలుగో అడుగు: ఉన్న చట్రంలో మీ అర్హతకు చోటు వెతకండి

ఇప్పుడు కాగితాల పని. భారతదేశంలో వృత్తి అర్హతలన్నీ 2013 డిసెంబరు 27న నోటిఫై చేసిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రానికి లోబడి ఉండాలి. మొదట పది స్థాయిలతో వచ్చిన ఆ చట్రాన్ని 2023లో ఎనిమిది స్థాయిలకు సవరించారు. అర్హతలను నియంత్రించేది 2018లో ఏర్పాటైన జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి, అంటే ఎన్‌సీవీఈటీ. దాని గుర్తింపు పొంది అర్హతపత్రాలు ఇచ్చే సంస్థ ఏదో ఒకటి మీ అర్హతను స్వీకరించి, జాతీయ నైపుణ్య అర్హతల కమిటీ ఆమోదానికి పంపాలి. ఆమోదం పొందితే జాతీయ అర్హతల రిజిస్టర్‌లో చేరుతుంది. మీ సంఘం నేరుగా ముద్రించి ఇచ్చే పత్రానికి ఈ హోదా ఉండదు.

ఉన్ని విషయంలో చిక్కు ఏమిటంటే, ఈ వృత్తి ఒకే నైపుణ్య మండలి (ఒక్కో రంగం అర్హతలను చూసే సంస్థ) పరిధిలో లేదు. గొర్రెల పెంపకం వ్యవసాయ నైపుణ్య మండలి వైపు, చేనేత జౌళి నైపుణ్య మండలి వైపు, తివాచీలు హస్తకళల, తివాచీల నైపుణ్య మండలి వైపు ఉన్నాయి. కత్తిరింపు ఏ వైపుకు చెందుతుందన్న ప్రశ్నకు ఒక్కో కార్యాలయం మరొకదాన్ని చూపించవచ్చు. దీనికి నా సూచన ఇది: కొత్త అర్హతను పూర్తిగా రాసే ముందు, రిజిస్టర్‌లో ఉన్న వాటిని వెతికి, మీ ప్రమాణాలలో ఎన్ని ఇప్పటికే ఆమోదం పొందాయో చూడండి. చేనేతకు సంబంధించిన ప్రమాణాలు ఇప్పటికే ఉన్నాయి. పరిశుభ్రత, భద్రత, పని సంబంధాల వంటి ఉమ్మడి ప్రమాణాలను అలాగే వాడుకోవచ్చు. మీరు కొత్తగా రాయవలసింది దక్కనీ ఉన్ని కత్తిరింపు, వేరుచేయడం, ముతక ఉన్ని వడకడం, చింతగింజల గంజి మాత్రమే అవుతుంది. ఒకే పెద్ద అర్హత కంటే ఇలా చిన్న చిన్న విడి ప్రమాణాలుగా రాస్తే, మనిషి ఒక్కొక్కటి సంపాదించుకుంటూ పోవచ్చు. నేర్చుకున్న గంటలను క్రెడిట్లుగా లెక్కించే జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ముప్పై అభ్యసన గంటలు ఒక క్రెడిట్; ఆ లెక్కలో మీ గంటలను ముందే సర్దుకోండి.

నిధుల కోసం మూడు తలుపులు తట్టవచ్చు. 1987లో ఏర్పడిన జోధ్‌పూర్‌లోని కేంద్ర ఉన్ని అభివృద్ధి మండలి, కేంద్ర జౌళి శాఖ ఆధ్వర్యంలో సమీకృత ఉన్ని అభివృద్ధి కార్యక్రమాన్ని నడుపుతున్నది. అందులో మార్కెటింగ్, ఉన్ని శుద్ధి, మానవ వనరుల అభివృద్ధి అనే భాగాలు ఉన్నాయి. బీకానేర్‌లో దానికి ఉన్ని పరీక్షా కేంద్రం, కులులో నేత, డిజైన్ శిక్షణ కేంద్రం ఉన్నాయి. రెండోది జౌళి శాఖదే అయిన సమర్థ్ అనే నైపుణ్య శిక్షణ పథకం. మూడోది ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి చాలామంది అడుగుతారు. దానిలోని పద్దెనిమిది వృత్తుల్లో ఉన్ని వడకడం, గొంగళి నేత లేవు, కాబట్టి దాని కోసం దరఖాస్తులు రాయించి మనుషులను ఆశపెట్టకండి. సాంకేతిక సలహాకు రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962 నుంచి పనిచేస్తున్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థను, గొర్రె ఆరోగ్య పాఠాలకు మన పశువైద్య విశ్వవిద్యాలయాలను సంప్రదించండి.

ఐదో అడుగు: బోధకులను ఎంచుకుని, ఋతువు ప్రకారం పాఠాలు కూర్చండి

బోధకుడికి డిగ్రీ ఉండాలని పట్టుబట్టే నిబంధనలు ఎదురవుతాయి. అనుభవాన్ని చదువుకు బదులుగా అంగీకరించే వెసులుబాటును ఆమోదానికి పంపే అర్హత ప్రతిపాదనలోనే, బోధకుల నిబంధనల భాగంలో, రాయించుకోండి. తరువాత అడిగితే రాదు. ఆచరణలో ఇద్దరు కలిసి బోధించే పద్ధతి బాగా పనిచేస్తుంది: చేతి పని తెలిసిన పెద్ద మనిషి ఒకరు, దాన్ని కొలతలుగా, రికార్డులుగా మార్చగల యువకుడు లేదా యువతి ఒకరు. పెద్దవారికి ముందుగా కొద్ది రోజుల బోధన శిక్షణ ఇవ్వాలి, ఎందుకంటే పని తెలిసినవారు నేర్చుకునేవాడి చేతిలో నుంచి కత్తెర లాక్కుని తామే చేసేస్తారు. నోటితో చెప్పి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడటమే వారు నేర్చుకోవలసిన మొదటి పాఠం.

కాలపట్టికను ఆర్థిక సంవత్సరం బట్టి వేయకండి. కత్తిరింపు పాఠం కత్తిరింపు కాలంలోనే, నిజమైన మంద దగ్గర జరగాలి. మందలు వలస వెళ్లే నెలల్లో కాపరులు ఊళ్లో ఉండరు. ముసురు పట్టినప్పుడు ఆరుబయట పడుగుకు గంజి పెట్టడం కుదరదు, గుంటమగ్గం గుంతలో చెమ్మ ఊరుతుంది. ఆ రోజులను ఏకడానికి, వడకడానికి, లెక్కలకు కేటాయించండి. ఆడవారికి ఉదయం పూట ఇంటి పని, పొలం పని ఉంటాయి కాబట్టి వడుకు తరగతులను మధ్యాహ్నం, వారి వాడకట్టులోనే పెట్టండి. శిక్షణ రోజులకు కూలి నష్టం లేకుండా ఏదో ఒక భృతి ఇవ్వకపోతే, వచ్చేది పని లేనివారే తప్ప పనివారు కాదు.

లెక్కల పాఠాన్ని చివరి రోజుకు నెట్టేయకండి. ఒక గొంగళికి పట్టిన ఉన్ని ధర, కత్తిరింపు కూలి, ఏకిన, వడికిన, నేసిన రోజుల విలువ కలిపి అమ్మకం ధర ఎలా కట్టాలో మొదటి వారంలోనే చేయించండి. ఆ లెక్క వేసిన చాలామందికి, తాము ఇంతకాలం వడుకు కూలిని సున్నాగా లెక్కించి అమ్ముతున్నామని అప్పుడే తెలుస్తుంది.

ఆరో అడుగు: ఆరోగ్యం, భద్రతను విడి ప్రమాణంగా పెట్టండి

చచ్చిన గొర్రె ఉన్నిని ముట్టుకోకూడదు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, బీజాలు ఉన్నిలో, తోలులో, నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో ఇది ఊపిరితిత్తులకు సోకి ఎందరో చనిపోవడంతో, ఉన్ని వేరుచేసేవారి జబ్బు అనే పేరే దానికి వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ పశువులకు ఈ రోగం అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. అకస్మాత్తుగా చనిపోయి ముక్కు, నోటి నుంచి నల్లని రక్తం కారిన గొర్రెను కోయకుండా, బొచ్చు తీయకుండా పశువైద్యుడికి కబురు చేయడం ప్రతి విద్యార్థి నోటితో చెప్పగలగాలి. ఈ ప్రశ్నలో తప్పినవారు మిగతా అన్నింటిలో నెగ్గినా ఉత్తీర్ణులు కాకూడదు. ఏకేచోట దుమ్ముకు ముక్కు, నోటి కప్పు, ఏకే (కార్డింగ్) యంత్రం దగ్గర వదులు కొంగు, గాజులు లేకపోవడం, కత్తెర గాట్లకు ధనుర్వాతం టీకా: ఇవి మిగిలిన అంశాలు.

ఏడో అడుగు: పరీక్షను పని దగ్గరే పెట్టండి

మీ మొదటి విడతలో ఎక్కువమంది ఇప్పటికే పని వచ్చినవారే ఉంటారు. వారిని మూడు నెలల తరగతిలో కూర్చోబెట్టడం అవమానం కూడా, డబ్బు వృథా కూడా. వారికి ముందే ఉన్న నైపుణ్యాన్ని గుర్తించే పద్ధతి, ఆర్‌పీఎల్, సరిపోతుంది: చిన్న పరిచయ శిక్షణ ఇచ్చి, లోటు ఉన్న అంశం ఒకటో రెండో నేర్పించి, పరీక్ష పెట్టడం. బోధించినవారే పరీక్షించకూడదు. బయటి నుంచి వచ్చే పరీక్షకుడికి గొంగళి తెలియకపోవచ్చు కాబట్టి, మీ ప్రమాణాల గడుల పట్టికతోపాటు మంచి, మధ్యస్థ, చెడు ఉన్ని, నూలు నమూనాలను ఒక పెట్టెలో పెట్టి ఇవ్వండి. ఆ పెట్టె లేని పరీక్ష పరీక్షకుడి ఇష్టాయిష్టాల మీద నడుస్తుంది.

రాత పరీక్ష వద్దు. ప్రశ్నలు తెలుగులో, ఆ ఊరి మాటల్లో, నోటితో అడగాలి. అవ్వ ఒకామెను “టెక్స్ అంటే ఏమిటి” అని అడిగితే తలదించుకుంటుంది. రెండు కండెలు చేతిలో పెట్టి “ఇందులో పడుగుకు ఏది పనికొస్తుంది, ఎందుకు” అని అడిగితే పావుగంట చెబుతుంది. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో నమోదుకు నెల ముందే సరిచూడండి. పరీక్ష నెగ్గిన తరువాత పేరులో ఒక్క అక్షరం తేడాకు పత్రం ఆగిపోయినవారు ప్రతి శిబిరంలోనూ ఉంటారు.

స్థాయిల విషయంలో బ్రిటన్‌లో ఉన్ని కత్తిరింపుదారులకు ఇచ్చే నీలి, కంచు, వెండి, బంగారు ముద్రల పద్ధతి చూడదగ్గది: కొత్తవాడు నీలితో మొదలై, నాణ్యత, వేగం పెరిగిన కొద్దీ పైకి పోతాడు. మనకూ నెగ్గాడు, ఓడాడు అనే రెండే గడుల కంటే ఇలాంటి మెట్లు మేలు. నెగ్గనివారికి ఏ అంశంలో తక్కువైందో రాసిన చీటీ ఇచ్చి, ఆ ఒక్కదానికే మళ్లీ పరీక్షకు రానివ్వండి.

ఎనిమిదో అడుగు: పత్రాన్ని గోనె మీది ముద్రతో ముడిపెట్టండి

ఆస్ట్రేలియాలో నమోదైన ఉన్ని వర్గీకరణదారుకు ఒక ముద్ర సంఖ్య ఉంటుంది. అతను వేరుచేసిన ప్రతి బేలు (ఉన్ని మూట) మీద ఆ సంఖ్య పడుతుంది. సరుకులో తేడా వస్తే ఎవరి చేతి మీదుగా వచ్చిందో కొనేవాడికి తెలుస్తుంది, బాగుంటే కూడా తెలుస్తుంది. మన స్థాయిలో దీనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. పత్రం పొందిన ప్రతి వేరుచేసేవారికి, వడికేవారికి సంఘం ఒక సంఖ్య ఇవ్వాలి. గోనెకు, చిలపల కట్టకు ఆ సంఖ్య, రంగు, బరువు, తేదీ రాసిన గుడ్డ చీటీ కుట్టాలి. మొదటి అడుగులో కలిసిన కొనుగోలుదారులతో, చీటీ ఉన్న సరుకుకు కిలోకు ఇంత ఎక్కువ అని, శిక్షణ మొదలయ్యే ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ఆ అదనపు ధర చిన్నదైనా పరవాలేదు, నిజంగా చేతికందాలి. అందిన మొత్తంలో వేరుచేసినవారి వాటా ఎంతో, వడికినవారి వాటా ఎంతో సంఘం తీర్మానంలో ఉండాలి. లేకపోతే మొత్తం నేతకారుడి దగ్గరో, దళారి దగ్గరో ఆగుతుంది.

చీటీల నకళ్లను ఒక పుస్తకంలో ఉంచి, తిరిగొచ్చిన సరుకు ఎందుకు తిరిగొచ్చిందో అదే వరుసలో రాయండి. ఆమోదం పొందిన అర్హతలను సాధారణంగా మూడేళ్లకు ఒకసారి సమీక్షకు పెట్టాలి. ఆ సమీక్షకు కూర్చున్నప్పుడు ఏ ప్రమాణం పనికొచ్చింది, ఏది కాగితానికే పరిమితమైంది అన్నది ఈ పుస్తకం నుంచి తీయండి, మార్చవలసిన గడులను మొదటి విడతలో పత్రం పొందినవారి చేతనే మార్పించండి.